గోదావరి పాయల్లో అడుగుకి దించడం: వడి నీళ్లలో సింకింగ్ ఫ్లై లైన్ ఎలా వాడాలి

తేలే లైనుతో చెరువు గట్టు మీదా, పంట కాలువ లాకుల దగ్గరా ఫ్లై (ఈకలతో కట్టిన దొంగ ఎర) విసరడం వచ్చి, ఇప్పుడు పెద్ద పాయల మీద మనసు పడ్డవాళ్ల కోసం ఇది. గౌతమిలోనో వశిష్టలోనో పాత లైను వేసి చూడండి. పండుగప్ప అడుగున రాళ్ల పక్కన ఉంటుంది, మీ ఫ్లై దాని నెత్తి మీద రెండు బారల ఎత్తున ఊరేగి వెళ్లిపోతుంది. అప్పుడు అందరూ చేసే పని, నీటిలో మునిగే బరువైన సింకింగ్ లైను కొనడం. అదీ దిగదు. దాంతో ఇంకా బరువైనది కొంటారు, చివరికి విసరలేక భుజం పట్టేసి అటక మీద పడేస్తారు. లైను దిగడానికి కావలసింది వ్యవధి. ఆ వ్యవధి ఎక్కడ దొరుకుతుందో, ఏ వేళకి దొరుకుతుందో తెలిస్తే మామూలు టైప్ 6 లైను చాలు.

ముందు ఈ లెక్క పట్టుకోండి

సింకింగ్ లైను డబ్బా మీద టైప్ 3, టైప్ 6 అని ఉంటుంది. లైను సెకనుకి సుమారు ఎన్ని అంగుళాలు దిగుతుందో ఆ అంకె చెబుతుంది. పై పూతలో టంగ్‌స్టన్ పొడి ఎక్కువ కలిపితే వేగంగా దిగుతుంది. ఇంటర్మీడియట్ అని రాసినది ఇంచుమించు ఒకటిన్నర అంగుళం.

మన పడవవాళ్లు లోతు బారల్లో చెబుతారు కాబట్టి మనమూ బారల్లోనే లెక్క వేసుకుందాం. బారంటే 6 అడుగులు, అంటే 72 అంగుళాలు. టైప్ 6 లైనుకి బార దిగడానికి 12 సెకన్లు పడుతుంది. టైప్ 3 కి 24, ఇంటర్మీడియట్‌కి 48. మూడు బారల మడుగులో టైప్ 6 అడుగు తాకాలంటే 36 సెకన్లు కావాలన్నమాట. అదీ నిలవ నీటిలో.

ఇప్పుడు నీటి వడి చూడండి. దానికి యంత్రమేమీ అక్కర్లేదు, గుర్రపుడెక్క చాలు. గట్టు మీద 20 అడుగులు కొలిచి రెండు పుల్లలు పాతండి. డెక్క ముక్క మొదటి పుల్లకి ఎదురుగా వచ్చినప్పుడు వాచీ చూసి, రెండో పుల్ల దాటేదాకా ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. పది సెకన్లు పట్టిందంటే నీరు సెకనుకి 2 అడుగులు నడుస్తోంది. ఆ 36 సెకన్లలో మీ లైను 72 అడుగులు కిందికి కొట్టుకుపోతుంది. మీరు విసిరేదే 60, 70 అడుగులు. అంటే ఎదురుగా నేరుగా విసిరి ఊరుకుంటే ఫ్లై అడుగుకి చేరకముందే లైను బిగుసుకుపోతుంది. బిగిసిన లైను ఇక దిగదు, పైకి లేస్తుంది.

20 అడుగులు 7 సెకన్లలో దాటుతోందంటే అది సెకనుకి 3 అడుగుల వడి. గట్టు మీంచి మూడు బారల లోతుకి అక్కడ ఏ లైనూ పనిచేయదు. టీ తాగి రండి, లేదా చోటు మార్చండి. 10 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పట్టే చోట పని మొదలుపెట్టొచ్చు.

వేళ, తిథి, నీళ్ల రంగు

జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీరు. ఫ్లైకి ఆ నీళ్లు దండగ. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఎగరేస్తారు. ఆ మాట రేడియోలో వినపడే రోజుల్లో ఏటిగట్టు దిగొద్దు. పులస మీద ఆశ కూడా పెట్టుకోవద్దు. అది నీళ్లలోని నలకలంత జీవుల్ని వడగట్టుకుని తినే చేప, మీ ఈకల వైపు కన్నెత్తి చూడదు. అది వలవాళ్ల చేప, వాళ్ల దగ్గరే కొనుక్కోండి.

మన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. నీరు తేరుకుంటుంది. బ్యారేజీ గేట్లు చాలావరకు దింపి ఉంటాయి, నీరు డెల్టా కాలువల్లోకి మళ్లుతుంది. దిగువ పాయల్లో అప్పుడు రాజ్యం పోటు (సముద్రపు నీరు లోపలికి ఎక్కడం), పాటు (అది వెనక్కి తీయడం), ఈ రెండిటిదే. యానాం, బోడసకుర్రు, చించినాడ వైపు వడి అంటే ఆ నెలల్లో ఎక్కువగా పాటు వడే.

దీని పట్టిక క్యాలెండర్‌లోనే ఉంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఆ ముందూ వెనకా వడి ఎక్కువ. అష్టమి, నవముల్లో తక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అష్టమి చూసుకుని వెళ్లండి. పోటు వేళ రోజుకి రెండు ఘడియలు, అంటే 50 నిమిషాలకి కాస్త తక్కువగా, వెనక్కి జరుగుతుంది. నిన్న ఆరింటికి తిరిగిన నీరు ఇవాళ ఏడుకి కొంచెం ముందు తిరుగుతుంది. సముద్రపు మొగకి దూరమయ్యేకొద్దీ ఇంకా ఆలస్యం. కాబట్టి అంతర్వేది వేళ పట్టుకుని చించినాడలో నిలబడితే ఊరికే నిలబడటమే అవుతుంది. మీరు వెళ్లే రేవులో పడవాయన్ని అడగండి. "ఇంకో పావుగంటలో తిరుగుద్దండి" అని ఆయన చెప్పే మాటకి ఫోనులోని యాప్ సాటి రాదు.

పాటు ఆఖరి గంట, పోటు మొదటి గంట. ఈ రెండు గంటల కోసమే మిగతా ఏర్పాటంతా. పాటు మొదలైన కొత్తలోనూ చేప తింటుంది, కానీ వడి పెరిగిపోతూ ఉంటుంది కాబట్టి లైను దించడం చేయి తిరిగినవాళ్లకే సాధ్యం.

మొగలకి దగ్గర పాయల్లో ఒక వింత గమనిస్తారు. పైన డెక్క ఇంకా సముద్రం వైపే పోతుంటుంది, మీ లైను మాత్రం కింద ఆగిపోతుంది, ఒక్కోసారి ఎగువకి జరుగుతుంది. ఏదో పట్టుకుందని కొట్టేస్తారు, ఏమీ ఉండదు. ఉప్పునీరు బరువు, అది అడుగు పట్టుకుని ముందుగా లోపలికి వస్తుంది. పైన పాటు పోతుండగానే కింద పోటు మొదలైందన్నమాట. ఆ కాసేపూ వేరే పనులు పెట్టుకోకండి. అడుగున నీరు దాదాపు నిలబడి ఉంటుంది, లైను ఎంత లోతుకి కావాలంటే అంత లోతుకి దిగుతుంది, రొయ్య కదులుతుంది, దాని వెనక పండుగప్ప కదులుతుంది.

ఎక్కడ నిలబడాలి

నడిపాయ వైపు చూడకండి. వడికీ నిదానానికీ మధ్య గీత ఎక్కడుందో చూడండి. గట్టు కోత ఆపడానికి ఏట్లోకి కట్టిన రాళ్ల గ్రోయిన్ల కొసన అది స్పష్టంగా కనిపిస్తుంది. కొస దాటిన నీరు ఉరుకుతుంది, వెనక సుడి తిరుగుతూ నిదానంగా ఉంటుంది. ఆ గీత వెంబడి నురగా, ఆకులూ వరసగా పోతుంటాయి. వంతెన స్తంభాల దిగువన, లంక కొసన రెండు పాయలు కలిసే చోట, మలుపులో గట్టు నిటారుగా తెగిన వైపు కూడా అంతే. ఉరికే నీళ్లలో లైను విసిరి, అది దిగుతూ దిగుతూ నిదానపు నీళ్లలోకి వచ్చేలా చూసుకోవడమే ఇక్కడి కిటుకు.

పంటు తిరిగే రేవుల్లో దారికి అడ్డం వేయకండి. గడలు పాతి వల కట్టి ఉంటే దానికి ఎగువన అసలే వద్దు, మీ ఫ్లై నేరుగా వెళ్లి వాళ్ల వలలో తగులుకుంటుంది, మాట పడాల్సి వస్తుంది. వేసేముందు అక్కడి వలవాళ్లని ఒకమాట అడగండి, మత్స్యశాఖ ఆఫీసులో కూడా అడగండి. కోరింగ మడ అడవులు అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ గేలం తీయొద్దు. బ్యారేజీకి ఆనుకుని దిగువన నిలబడటం ఎవరు సరే అన్నా వద్దు, గేటు ఎత్తితే నీరు మీకు చెప్పి రాదు.

సామాను

9 అడుగుల రాడ్, 8 లేదా 9 నంబరు. 8 నంబరు రాడ్‌కి 250 నుంచి 300 గ్రెయిన్ల హెడ్ (లైను ముందు వైపు బరువైన భాగం) సరిపోతుంది. 300 గ్రెయిన్లంటే పంతొమ్మిదిన్నర గ్రాములు. 24 నుంచి 30 అడుగుల బరువైన హెడ్, దాని వెనక సన్నని రన్నింగ్ లైను, ఈ రకం తీసుకోండి. మొత్తం లైనంతా మునిగే రకం మన పాయల్లో చేతికి భారం. రన్నింగ్ లైను ఇంటర్మీడియట్ అయితే మేలు, ఎందుకంటే తేలేదాన్ని పై వడి పట్టుకుని హెడ్‌ని పైకి లాగుతుంది.

కొనేటప్పుడు రెండు సంగతులు అడగండి. మొదటిది, డెన్సిటీ కాంపెన్సేటెడ్ అవునా కాదా. కాకపోతే మధ్యలో లావుగా ఉన్న భాగం ముందు దిగి, కొస పైనే ఉండిపోతుంది. బట్టలు ఆరేసిన దండెంలా లైను మధ్యలో జారి ఉంటుంది, చేప కొరికినా ఆ జారుడంతా సర్దుకునేదాకా మీ చేతికి తెలియదు. రెండోది, ట్రాపికల్ కోర్ ఉందా లేదా. చల్లటి ఏళ్లలో ట్రౌట్ కోసం చేసిన లైను మన ఎండకి మెత్తబడి, రింగులకి అంటుకుంటుంది. చవకగా వచ్చిందని తెచ్చుకుంటే మధ్యాహ్నానికి దాని గుణం తెలుస్తుంది.

సొంతంగా చేసుకోవాలంటే టీ-14 అనే లైను అడుగుల లెక్కన దొరుకుతుంది. అడుగుకి 14 గ్రెయిన్లు. 20 అడుగులు కోస్తే 280 గ్రెయిన్లు, 8 నంబరు రాడ్‌కి సరిగ్గా కుదురుతుంది. 30 అడుగులు కోస్తే 420, రాడ్ మీద అన్యాయం. రెండు కొసలా లూపులు వేసుకుని రన్నింగ్ లైనుకి తగిలించండి. విసిరేటప్పుడు కాస్త మొరటుగా పోతుంది గానీ దిగడంలో దీన్ని మించింది లేదు.

లీడర్, అంటే లైను కొసకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారం, పొట్టిగా ఉండాలి. తేలే లైనుకి అలవాటైన 9 అడుగుల లీడర్ ఇక్కడ పెడితే లైను అడుగునా, ఫ్లై బార పైనా ఉంటాయి. మూడు నాలుగు అడుగులు చాలు, 16 లేదా 20 పౌన్ల నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ. పండుగప్ప మొప్పల అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి చివర అడుగున్నర 40 పౌన్ల ముక్క కలపండి.

ఫ్లై పలచగా కట్టండి. బొద్దుగా కట్టిన ఫ్లై గొడుగులా నీటిని పట్టుకుని లైను దించిందంతా ఎత్తేస్తుంది. కళ్ల దగ్గర సీసం గుళ్లున్న క్లౌజర్ రకం దీనికి పుట్టినట్టే ఉంటుంది. గుళ్ల బరువుకి ముల్లు పైకి తిరిగి ప్రయాణం చేస్తుంది, రాళ్లకీ కంపకీ తగలడం తగ్గుతుంది. నీరు తేరి ఉంటే తెలుపు, లేత ఆకుపచ్చ. మబ్బుగా ఉంటే నలుపు. కొయ్యింగ పిల్లంత, రొయ్యంత సైజు సరిపోతుంది, బారెడు ఫ్లైలు కట్టి ఆయాసపడొద్దు.

ఇంకొకటి, నడుముకి ఒక ప్లాస్టిక్ టబ్బు. గిన్నెలు కడిగే టబ్బుకి రెండు చిల్లులు పెట్టి బెల్టు దూర్చండి, అడుగున కేబుల్ టైలు నిటారుగా నిలబడేలా గుచ్చి బిగించండి. లాగిన రన్నింగ్ లైను వాటి మధ్య చుట్టలుగా పడి చిక్కుపడకుండా ఉంటుంది. టబ్బు లేకపోతే లైను కాళ్ల కింద రాళ్లలో దూరుతుంది, మిగతా విద్యంతా వృథా.

విసరడం

మునిగి ఉన్న లైనుని ఒక్కసారిగా పైకి లాగి విసరకండి. రాడ్ విరిగేది అలాగే. హెడ్ మొత్తం దగ్గరకి లాగండి, హెడ్ వెనక కొస రాడ్ చివర రింగుకి రెండు మూడు అడుగుల బయట ఉండాలి. అప్పుడు ఒక రోల్ కాస్ట్ (లైనుని వెనక్కి ఎగరేయకుండా ముందుకి దొర్లించే విసురు) ముందుకి. దాంతో లైను నీటి మీదకి వచ్చి తిన్నగా పడుతుంది. అది మళ్లీ మునిగేలోపే, వెంటనే, వెనక్కి ఎత్తండి. వెనక్కి పక్కనుంచి కాస్త పల్లంగా, ముందుకి తల మీదుగా. రాడ్ కొస గుండ్రంగా తిరగాలి, ఎక్కడా ఆగి కుదుపు ఇవ్వకూడదు. వెనక్కి పోయిన లైను బరువు చేతికి తెలిశాక ముందుకి విసిరి వదిలేయండి. మణికట్టు విదల్చకండి, మోచేయీ భుజమూ పని చేయాలి. గాల్లో పదిసార్లు ఊపే అలవాటు ఇక్కడ మానేయాలి, ఒక్క ఊపుకే రన్నింగ్ లైను పరుగెత్తుతుంది. టోపీ, కళ్లజోడు తప్పనిసరి. గుళ్లున్న ఫ్లై చెవి పక్క నుంచి పోతున్నప్పుడు ఎందుకు చెప్పానో తెలుస్తుంది.

దించడం

ఇదే అసలు పని. మీకు చేప ఎక్కడుందనిపిస్తోందో ఆ చోటుకి కనీసం 30, 40 అడుగులు ఎగువన నిలబడండి. ఏటికి అడ్డంగా కాదు, ఏటవాలుగా ఎగువకి విసరండి. లైను పడగానే రాడ్ కొసతో రన్నింగ్ లైనుని ఎగువకి తిప్పి వేయండి, టబ్బులోంచి ఇంకో 10, 15 అడుగులు వదులుగా విదిలించండి. ఆ వదులే లైనుకి మీరిచ్చే వ్యవధి. హెడ్ మీ ముందు నుంచి కిందికి పోతుంటే రాడ్ కొసతో దాన్ని అనుసరించండి, లాగొద్దు, పట్టొద్దు. లెక్కపెడుతూ ఉండండి. వాచీ పెట్టుకుని కొన్నిసార్లు సరిచూసుకోండి, చేప ఉందన్న ఆత్రంలో మనందరం గబగబా లెక్కపెట్టేస్తాం.

మొదటిసారి 15 అంకెల దగ్గర లైను బిగించి చూడండి. ఏమీ తగలకపోతే 20, తర్వాత 25. ఒకసారి ఫ్లై ఇసకని గీసుకున్నట్టు జరజరమంటుంది, లేదా ముల్లుకి నాచు వస్తుంది. అడుగు తెలిసింది. ఇక నుంచి అంతకి మూడు నాలుగు అంకెలు తక్కువ. అడుగున నీరు పైనకంటే నెమ్మదిగా పోతుంది కాబట్టి అక్కడిదాకా చేరిన లైను ఇక పెద్దగా లేవదు, మెల్లగా అడ్డంగా ఊగుతూ గట్టు వైపుకి వస్తుంది. ఊగడం అయ్యాక వెంటనే లాగేయకండి, పది అంకెలు అలాగే వేలాడనివ్వండి. వెంట వచ్చిన చేప చాలాసార్లు అక్కడే నోరు తెరుస్తుంది. ఆ తర్వాత చిన్న చిన్న లాగుళ్లు, మధ్యలో ఆపుతూ. రాడ్ కొస నీళ్లకి ఆనించి ఉంచండి.

నాలుగైదుసార్లు వేశాక రెండడుగులు దిగువకి జరగండి. లైను పొడవు పెంచుకుంటూ ఒకేచోట నిలబడేకంటే ఇదే మేలు.

పడవ దొరికితే ఈ కష్టంలో సగం తగ్గుతుంది. లంగరు వేసి కూర్చోవడం కాదు. ఇంజను ఆపి, నీటితోపాటు పడవని పోనివ్వమనండి, తెడ్డుతో అడ్డంగా ఉంచమనండి. పడవా పై నీరూ ఒకే వేగంతో పోతుంటే మీ లైనుకి వడే తెలియదు, నిలవ నీటిలో దిగినట్టు దిగుతుంది. బారకి 12 అన్న లెక్క ఇక్కడ అచ్చంగా పనిచేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, అడుగు నీరు పడవకంటే నెమ్మది. అందుకని పడవకి దిగువన, ముందుకి విసరండి. లైను దిగేలోపు పడవ దాన్ని అందుకుంటుంది, పడవ దాటిపోతూ లైను బిగిసే సమయానికి ఫ్లై అడుగున ఉంటుంది. స్తంభాలకీ వల గడలకీ చాలా ముందే ఆగి ఎగువకి వెళ్లిపోండి, స్తంభానికి పడవ కట్టే ప్రయత్నం చేయొద్దు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు.

కొరికినప్పుడు

ఒడిసి ఎత్తడం మన చేతి అలవాటు. మామూలు గేలానికి అది సరే, దీనికి కాదు. రాడ్ ఎత్తితే నీటిలో ఉన్న లైను వంపు కదులుతుంది తప్ప ముల్లు కదలదు. రాడ్ అలాగే చేప వైపు చూపించి, ఎడమచేత్తో లైనుని పొడవుగా, గట్టిగా వెనక్కి లాగండి. బరువు తగిలి, అటు నుంచి జవాబు వచ్చాకే రాడ్ ఎత్తండి. పండుగప్ప అయితే పైకి లేచి తల విదిలిస్తుంది, అప్పుడు రాడ్ కాస్త దించి వదులివ్వండి. వాలుగ అడుగునే ఉండి రాళ్ల వైపు లాగుతుంది, దానికి మాత్రం వదులివ్వకండి.

పండుగప్ప పుట్టినప్పుడు మగది, పెరిగాక ఆడదవుతుంది. పెద్దవన్నీ గుడ్లు పెట్టేవే. చేతిలో పట్టే సైజుది వండుకోండి, చంకలో పట్టాల్సినంత పెద్దదైతే ఫొటో తీసి నీళ్లలో వదిలేయండి. ముళ్లకి వెనక కొక్కి నొక్కేసి ఉంచుకుంటే వదలడం తేలిక, మీ వేలికి గుచ్చుకున్నా తీయడం తేలిక.

ఫ్లై తగులుకుపోతే రాడ్‌తో గుంజొద్దు. లైను వదులుగా వదిలి, దిగువకి కొట్టుకుపోయిన వంపు ఫ్లైని అటు నుంచి లాగేదాకా ఆగండి. చాలాసార్లు ఊడి వస్తుంది. రాకపోతే చేతికి గుడ్డ చుట్టుకుని లైను పట్టుకుని తిన్నగా లాగండి, లీడర్ తెగుతుంది, లైను మిగులుతుంది. లీడర్ లైనుకంటే బలహీనంగా ఉండాలనేది అందుకే.

ఇంటికి వచ్చాక లైను, రీలు, రింగులు మంచినీళ్లలో కడగండి, యానాం వైపు వెళ్లి వస్తే మరీనూ. ఉప్పు ఆరితే రీలు పట్టేస్తుంది. లైనుని తడిగుడ్డలోంచి లాగి, పెద్ద చుట్టలుగా వదులుగా చుట్టి నీడలో తగిలించండి. ఎండలో ఉన్న కారు వెనక సీట్లో మాత్రం వదలకండి. మళ్లీ వెళ్లేముందు రన్నింగ్ లైనుని చేతులతో సాగదీసుకుంటే చుట్టల అలవాటు పోయి తిన్నగా పరుగెత్తుతుంది.